రాలని ఆకు

స్టీరింగు వెనక అరచేతి వెడల్పున ఒక తెర ఉంది. తెరలో ఒక మొక్క, మొక్కకు ఐదు ఆకులు. బండి మెత్తగా నడిచినంతసేపు ఆకులు పచ్చగా ఉంటాయి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినా, ఉన్నట్టుండి బ్రేకు వేసినా ఒక ఆకు పసుపురంగుకు తిరిగి రాలిపోతుంది. రాలిన ఆకు ఆ ట్రిప్పు అయ్యేదాకా మళ్ళీ మొలవదు. ట్రిప్పు చివర బండి ఆపితే వందకు ఎన్నో ఒక అంకె వస్తుంది. ఆ అంకె అక్కడితో ఆగదు. ఆఫీసులో మేనేజరు కంప్యూటరులోకి పోతుంది. సోమవారం పొద్దున కాగితమై డ్రైవర్ల గది గోడకు ఎక్కుతుంది.

ఆ సోమవారం కాగితంలో బ్రేకుల బాబాయ్‌ది తొమ్మిదో స్థానం.

మొత్తం పన్నెండు మంది డ్రైవర్లు. ఇళ్ళ నుంచి రోగులను ఆసుపత్రికి తీసుకెళ్ళడం, పని అయ్యాక మళ్ళీ ఇంటి దగ్గర దింపడం వాళ్ళ పని. ఇప్పుడు నడుపుతున్నవి పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కార్లు. వాటిని కంపెనీ అమ్మేస్తోంది. వచ్చే వారం పూర్తిగా కరెంటుతో నడిచే కార్లు ఎనిమిది వస్తున్నాయి. శుక్రవారం వేసే చివరి జాబితాలో మొదటి ఎనిమిది మందికి ఎనిమిది తాళాలు. మిగిలిన నలుగురి సంగతి కాగితంలో రాయలేదు. రాయనక్కర లేకుండానే అందరికీ తెలుసు.

"బాబాయ్, కుడికాలికి తాడు కట్టుకో. అది బ్రేకు మీదికి పోయినప్పుడల్లా లాగు" అన్నాడు వందగాడు. అందరికంటే చిన్నవాడు. మూడు వారాలుగా వందకు తొంభై ఎనిమిదికి తగ్గలేదు. ఆ పేరు అలా వచ్చింది. బ్రేకుల బాబాయ్ పేరు అంతకు చాలా ముందే వచ్చింది, రోడ్డు మీద కాకి వాలినా బండి ఆపుతాడని.

"నాకు నేర్పినాయన ఒక మాట అనేవాడురా. బ్రేకు దగ్గర పాదం ఉన్నంతసేపే నువ్వు డ్రైవరువి, తీసేస్తే నువ్వూ ప్యాసింజరువే అని."

"ఆయన కాలంలో ఆకుల్లేవుగా."

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఎనిమిదో పేరు పక్కన అంకె చూశాడు. తొంభై ఒకటి. తనది ఎనభై ఎనిమిది. యాభై మూడేళ్ళ వాణ్ణి పిలిచి స్టీరింగు చేతికిచ్చే వాళ్ళెవరుంటారని లెక్క వేశాడు. ఒక్కరూ తేలలేదు.

వందగాడు టీ గ్లాసు కడిగి బోర్లించి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఒక్కటే కిటుకు బాబాయ్. ముందు ఏముందో అదే తప్పుకుంటుంది అనుకో. పాదం ఎత్తేసి బండిని వదిలెయ్. నూటికి తొంభై తొమ్మిది సార్లు తప్పుకుంటుంది."

"ఆ మిగిలిన ఒక్కసారి?"

"ఒక ఆకు పోతుంది. పోతే పోనీ."

మంగళవారం పొద్దున ఏడున్నరకు లెక్కల మాస్టారు ఎక్కారు. వారానికి మూడుసార్లు ఆయన రక్తాన్ని యంత్రం కడుగుతుంది. ఎక్కేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు నిలబడతారు, తరవాత కుడికాలు, తరవాత ఎడమకాలు. బెల్టు తానే పెట్టుకుంటానంటారు. కొక్కెం దొరక్క తడుముకుంటే బాబాయ్ చూడనట్టు చూస్తూ చెయ్యి వెనక్కి చాచి పెడతాడు. రెండో మలుపు దాటేసరికి ఆయన టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిద్రపోయారు.

బాబాయ్ ఆ రోజు పాదంతో కాక ఊపిరితో నడిపాడు. సిగ్నలు ఇంకా రెండు వందల అడుగులుండగానే కాలు ఎత్తేశాడు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనిచ్చాడు. గతుకు దగ్గర, బడి పిల్లల బస్సు వెనక, పాల వ్యాను పక్కన ఐదు ఆకులూ నిలిచాయి. ఆసుపత్రి వెనక గేటు చేరేసరికి వీపు సీటుకు అంటుకుపోయింది.

గేటు నుంచి డయాలిసిస్ వార్డు తలుపు దాకా దారి కాస్త పల్లం. ఒకవైపు గోడ, రెండోవైపు కాలిబాట. ఆ వారం కాలిబాట నిండా ఇటుకలు పోసి ఉన్నాయి. పల్లంలో ఇంజను ఆగిపోయి బండి బ్యాటరీ మీద జారుతోంది. లోపల మాస్టారి గురక తప్ప చప్పుడు లేదు.

ముందు ఊడ్చే అక్క కనిపించింది.

ఆమెను చూడడం అది కొత్త కాదు. రోజూ ఆ వేళకు రెండు చక్రాల చెత్తబండి తోసుకుంటూ వెళుతుంది. కారు వస్తుంటే పక్కకు జరిగి, చీపురున్న చెయ్యి ఎత్తుతుంది. అతను తల ఊపుతాడు. వాళ్ళ పరిచయం అంత. ఆ రోజు ఆమె దారి మధ్యలో ఉంది. వీపు ఇటువైపు.

జరుగుతుంది అనుకున్నాడు. ఎప్పుడూ జరుగుతుంది. ఇంకో నాలుగడుగుల్లో జరుగుతుంది. పాదం బ్రేకు దగ్గరికి పోయింది. ఇప్పుడు వేస్తే గట్టిగా వేయాలి. తెరలో ఐదు ఆకులున్నాయి. హారన్ కొడితే మాస్టారు ఉలిక్కిపడతారు. పాదం అక్కడే, గాలిలో, ఉండిపోయింది.

ఆమె జరగలేదు.

కారు ఎడమ మూల చెత్తబండి అంచుకు తగిలింది. చప్పుడంటూ వచ్చింది చెత్తబండి మూతది. అది ఎగిరి నేల మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. ఆమె పక్కకు పడింది, చెయ్యి కింద పెట్టి. అప్పుడు బండి ఆపాడు. అప్పటికి అది నడక వేగంలోకి వచ్చేసింది కనక బ్రేకు మెత్తగానే పడింది.

తెరలో ట్రిప్పు అయిపోయిందని వచ్చింది. నూటికి నూరు. ఐదు ఆకుల మధ్య నుంచి ఒక మొగ్గ లేచి పువ్వయింది. అలా పూస్తుందని వందగాడు చెబితే విన్నాడే కానీ, తన తెరలో ఎన్నడూ చూడలేదు.

"వచ్చేశామా?" అన్నారు మాస్టారు టోపీ ఎత్తి.

"వచ్చేశాం మాస్టారూ. కూర్చోండి. చక్రాల కుర్చీ తెస్తారు."

అతను దిగేసరికి ఆమె లేచి కూర్చుంది. ఎడమ మణికట్టు వంకరగా ఉంది. దాన్ని కాక, ఆమె గేటు వైపు చూసింది.

"ఎవరూ చూళ్ళేదుగా తమ్ముడూ?"

"అక్కా, చెయ్యి..."

"చేతికేం, చెయ్యే. ఈ దారిలో నడిస్తే తీసేస్తానన్నాడు మా సూపర్‌వైజరు. ఆ ఇటుకల మీద బండెలా తొయ్యను? నువ్వు హారన్ కొట్టే ఉంటావు, నాకే వినపళ్ళేదు. నేనే పడ్డానని చెబుతా. నువ్వేం చెప్పకు."

"చెప్పను" అన్నాడు బాబాయ్.

ఎవరి కోసం అన్నాడో ఆమెకు తెలీదు. అతనికి తెలుసు.

అతనే ఆమెను అత్యవసర గదికి నడిపించాడు. కట్టు కట్టే నర్సు, "ఎవరో పడిపోతే మాకెందుకులే అని పోయేవాళ్ళే అందరూ. మీరు కాబట్టి తెచ్చారు" అంది.

ఆ రాత్రి అన్నం తింటుంటే భార్య చెయ్యి ఆపి నేల వైపు చూసింది. బట్టలు సరిచేసే దుకాణంలో పని ఆమెది. రోజంతా ఇతరుల కుట్లు విప్పి మళ్ళీ వేస్తుంది. వంకర ఆమె కంట్లో పడకుండా పోదు.

"ఏంటది, కంచం కింద బ్రేకుందా?"

అతని కుడిపాదం నేలను నొక్కుతోంది. వదులుతోంది, నొక్కుతోంది. చూసుకుని కాలు వెనక్కి తీసుకున్నాడు.

"పిక్క పట్టేసింది."

"ఎనిమిదిలోకి వస్తావా?"

"ఇవాళ వంద వచ్చింది."

"మరి ఆ మొహమేంటి, వందలో సున్నాలు మాత్రమే వచ్చినట్టు?"

అతను నవ్వలేదు. ఆమె నీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టి, చెయ్యి వెంటనే తీయలేదు.

బుధవారం పది గంటలకు మేనేజరు ఫోను చేసి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆఫీసు రెండో అంతస్తు. మెట్లెక్కుతూ బాబాయ్ గోడ పట్టుకున్నాడు. జేబులో తాళంచెవి చప్పుడు చేస్తుంటే గుప్పిట్లో బిగించాడు. బండిలోని యంత్రం అన్నీ రాసుకుంటుందని అందరూ చెప్పుకునేదే. ఏ నిమిషానికి ఎక్కడున్నాడో, ఎంత వేగమో, పాదం ఎక్కడుందో. పట్టిచ్చేసి ఉంటుంది.

మేనేజరు కుర్చీ చూపించాడు. "నిన్న వెనక గేటులో ఏమైంది?"

"ఊడ్చే ఆవిడ పడిపోయింది సార్."

"మీ కారు తగిలినట్టు అనిపించిందని గేటు కాపలా మనిషి చెబుతున్నాడు. దూరం నుంచి చూశాట్ట."

బాబాయ్ నోరు తెరిచాడు. మాట బయటికొచ్చే లోపే మేనేజరు కంప్యూటరును అతని వైపు తిప్పాడు. పొడుగ్గా ఒక ఆకుపచ్చ గీత ఉంది.

"ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలు. ఇదిగో, ఇక్కడ. గీత తిన్నగా ఉంది చూశారా? ముందు మనిషి ఉంటే ఎవరైనా బ్రేకు వేస్తారు. అందులోనూ మీరు. మీరు వేస్తే ఇక్కడ గుంట పడాలి. గుంట లేదు, అంటే బ్రేకు లేదు. బ్రేకు లేదంటే ముందు మనిషి లేదు." వేలితో గీతను తట్టాడు. "ఇదే ప్రింటు తీసి ఆసుపత్రికి పంపించేశాను. మీరేం కంగారు పడకండి."

"ఆవిడ సంగతి?"

"తనే పడ్డానని చెప్పింది కదా. పోకూడని దారిలో పోయింది, పైగా చెవుడట. శనివారం నుంచి రావద్దన్నారట. పాపం అనుకోండి. కానీ రేపు నిజంగానే ఏదో బండి కింద పడితే ఎవరిది బాధ్యత?"

బాబాయ్ లేచాడు. తలుపు దాకా వెళ్ళాక మేనేజరు పిలిచాడు.

"అన్నట్టు, నిన్న పువ్వు పూయించారు. శుక్రవారం మీటింగులో అందరికీ ఒకసారి చెప్పాలి మీరు, ఎలా సాధించారో."

మెట్లు దిగి కారులో కూర్చున్నాడు. దొరికిపోతానన్న భయం పోవాలి. పోలేదు. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది, దానికి పేరు తెలియలేదు. తాళం తిప్పితే తెర వెలిగింది. కొత్త ట్రిప్పు, ఐదు కొత్త ఆకులు. పక్కన పడి ఉన్న తుడుపుగుడ్డ తీసి తెర మీద కప్పాడు. మళ్ళీ తీసేశాడు. తెర కప్పితే అది కూడా ఆఫీసులో తెలుస్తుందేమో.

గురువారం మాస్టారు నిద్రపోలేదు. అద్దంలో అతన్నే చూస్తున్నారు.

"మొన్న ఎలా నడిపావయ్యా. ఉయ్యాల్లో ఉన్నట్టుంది. ఆగడం కూడా తెలీలేదు."

బాబాయ్ వేళ్ళు స్టీరింగు మీద బిగిశాయి. "వంద వచ్చింది మాస్టారూ."

"ఓహో." ఆయన టోపీ సరిచేసుకున్నారు. "నలభై ఏళ్ళు పేపర్లు దిద్దాను. వంద రావాలంటే రెండే దార్లు. తప్పు చెయ్యకపోవడం ఒకటి, చేసిన తప్పు దిద్దేవాడి కంట పడకపోవడం రెండోది. మా పిల్లకాయలకు రెండోదే సులువు." తన మాటకు తనే నవ్వారు. "నీకేం, నువ్వు మొదటి రకం."

ఆయన ఏమైనా చూశారా? టోపీ కింద కళ్ళు తెరిచే ఉన్నాయా? అద్దంలో ఆయన మొహం వెతికాడు. ఆయన అప్పటికే కళ్ళు మూసుకున్నారు. వెనక గేటు దగ్గర బాబాయ్ బ్రేకు ఎంత గట్టిగా వేశాడంటే రెండు ఆకులు ఒకేసారి రాలాయి. ముందు ఎవరూ లేరు.

మాస్టారిని లోపలికి పంపి తిరిగొస్తుంటే ఊడ్చే అక్క కనిపించింది. ఇటుకల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఎడమచేతికి పిండికట్టు. కుడిచేత్తో ఒక అగ్గిపెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తోంది. చెయ్యి కాస్త దూరం జరిపి మళ్ళీ ఆడించింది. ఇంకాస్త దూరం.

వెళ్ళిపోదామనుకున్నాడు. ఆమె చూసేసింది.

"రా తమ్ముడూ. నీకోసమే చూస్తున్నా." పక్కన ఇటుక మీది దుమ్ము తుడిచింది. "ఒక్కటి చెప్పు. కొట్టావుగా హారను?"

అతను కూర్చోలేదు.

"ఇంట్లో రెండు రోజుల్నించి ఇదే పని. అగ్గిపెట్టె ఆడిస్తున్నా, గిన్నె మీద గరిటతో కొడుతున్నా. మా కోడల్ని పక్క గదిలోంచి పిలవమంటున్నా. అన్నీ వినపడుతున్నయ్. పిల్లి నడిస్తే వినపడుతోంది. మరి నీ కారెందుకు వినపడలేదు? ఇంతకు ముందున్న నీ పాత బండైతే గేటు అవతల నుంచే దగ్గుకుంటూ వచ్చేది, నేను జరిగేదాన్ని." అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుంది. "చెవుడు ఇట్లాగే వస్తుందేమో. కొన్ని వినపడి కొన్ని వినపడక. అదే నా భయం. పని పోతే పోయె, ఇంకోటి చూసుకుంటా. కానీ నామీద నాకు నమ్మకం పోతే రోడ్డెట్లా దాటను?"

"వినపడతాయి అక్కా నీకు."

"నీకెలా తెలుసు?"

అతని దగ్గర సమాధానం ఉంది. "రోగి ఎదురు చూస్తున్నారు" అని కారు ఎక్కాడు. బండి చప్పుడు లేకుండా కదిలింది. అద్దంలో ఆమె మళ్ళీ అగ్గిపెట్టె ఎత్తింది.

శుక్రవారం నాలుగు గంటలకు డ్రైవర్ల గదిలో పన్నెండు మందీ కూర్చున్నారు. బల్ల మీద పళ్ళెంలో ఎనిమిది కొత్త తాళాలు. గోడ మీద చివరి జాబితా. బ్రేకుల బాబాయ్‌ది ఎనిమిదో స్థానం. గురువారం ఆకులు రాలకపోయి ఉంటే ఆరో స్థానమట. తొమ్మిదో స్థానంలోకి జారిన డ్రైవరు గుమ్మం పక్కన నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు.

మేనేజరు లేచాడు. "వయసు పెరిగితే అలవాట్లు మారవంటారు. బాబాయ్ గారిని చూడండి. మంగళవారం ట్రిప్పు, నూటికి నూరు. రండి, ఎలా సాధించారో మీరే చెప్పండి."

చప్పట్లు. బాబాయ్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"బ్రేకు వెయ్యలేదు సార్."

గది ఘొల్లుమంది. "బ్రేకుల బాబాయ్ బ్రేకు వెయ్యలేదంట్రా. గోడ మీద రాసి పెట్టండి" అన్నారెవరో. మేనేజరు కూడా నవ్వాడు. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. చెప్పాడు కదా, వాళ్ళే నవ్వుకున్నారు.

నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు.

"ముందు మనిషి ఉంది సార్. ఊడ్చే ఆవిడ. దూరం నుంచే చూశాను. జరుగుతుందనుకున్నాను. హారన్ కూడా కొట్టలేదు. ఆకు పోతుందని వెయ్యలేదు."

గుమ్మం పక్కనున్న డ్రైవరు తలెత్తాడు. వందగాడు తన చేతులను చూసుకున్నాడు.

"మీరు అలసిపోయినట్టున్నారు. కూర్చోండి" అన్నాడు మేనేజరు.

"ఆవిడకి చెవుడు లేదు సార్. బండికే చప్పుడు లేదు."

"కూర్చోండి అన్నాను. ఇదంతా మనం తరవాత మాట్లాడుకుందాం."

"రేపు శనివారం సార్."

బల్ల మీద మంగళవారం ట్రిప్పు కాగితం ఉంది, ఆకుపచ్చ గీతతో. అందరికీ చూపించడానికి మేనేజరే తెచ్చాడు. బాబాయ్ దాన్ని తీసుకున్నాడు. మేనేజరు గొంతు మారింది, అరవలేదు. "అది ఇక్కడ పెట్టండి. అది పట్టుకుని గడప దాటితే ఆ పళ్ళెంలోంచి మీకు తాళం ఇవ్వలేను. తెలుసుగా."

తెలుసు. సోమవారం నుంచీ తెలుసు. పాత కారు తాళంచెవి జేబులోంచి తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. గుమ్మం దగ్గర తొమ్మిదో డ్రైవరు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆసుపత్రి అక్కడికి పావుగంట నడక. వెనక గేటులోంచి ఇటుకల పక్కన, కార్లు పోయే దారిలోనే నడిచాడు. మరో దారి లేదు. ఏం చెప్పాలో, ఏ మాటతో మొదలెట్టాలో పెదాలతో అనుకుంటున్నాడు. పోలీసులంటారా? పిలిస్తే పిలుస్తారు. ఇంట్లో ఏం చెప్పాలి? అలా పది అడుగులు వేశాడో ఇరవయ్యో, వెనక టైర్లు కీచుమన్నాయి.

ఎగిరిపడి తిరిగాడు. మోకాళ్ళకు జానెడు దూరంలో కారు ముందుభాగం. అద్దం వెనక వందగాడి మొహం పాలిపోయి ఉంది. సాయంత్రం రోగిని తీసుకెళ్ళడానికి వచ్చాడు.

వాడు కిటికీ దించాడు.

"గేటు దగ్గర్నుంచీ నీ వెనకే ఉన్నాను బాబాయ్ నేను. వినపళ్ళేదా?"

"లేదురా. ఏమీ వినపడలేదు."

వాడు తెర వైపు ఒకసారి చూశాడు. తల తిప్పుకున్నాడు. "ఒకటి పోయింది" అన్నాడు.

ఊడ్చేవాళ్ళ గది మెట్ల కింద ఉంది. చీపుర్లు గోడకు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఊడ్చే అక్క తన గళ్ళ సంచిలో చెప్పులు, గ్లాసు, దువ్వెన సర్దుకుంటోంది, ఒంటిచేత్తో. బాబాయ్ నిలబడే చెప్పాడు. కాగితం విప్పి, గీత మీద వేలు పెట్టి చూపించాడు. ఇక్కడ గుంట పడాలి అక్కా, పడలేదు. నేను వెయ్యలేదు. చూసి కూడా వెయ్యలేదు.

ఆమె గీతను చాలాసేపు చూసింది.

"అయితే హారను కొట్టలేదు."

"లేదు."

"బండి చప్పుడు చెయ్యదు."

"ఇప్పుడే నా వెనక ఒకటి వచ్చింది. నాకూ వినపళ్ళేదు."

ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళు తెరిచాక చూపు మారింది. "మూడు రోజులు, తమ్ముడూ. నిన్న ఆ ఇటుకల మీద నీ ఎదురుగానే కూర్చుని చెవి దగ్గర అగ్గిపెట్టె ఆడించుకున్నాను. చూస్తూ నిలబడ్డావు."

అతను కాగితాన్ని మళ్ళీ మడిచాడు. అనడానికి ఉన్నదంతా అందులో ఉంది.

ఆమె సంచిలోంచి గ్లాసు తీసి మళ్ళీ గూట్లో పెట్టింది. దువ్వెన తీసి దాని పక్కన పెట్టింది. "సూపర్‌వైజరు పైన ఉన్నాడు. నాకు చెప్పింది నాకు సరిపోయింది. ఇప్పుడు పదా, ఆయనకు చెబుదువుగాని" అని కట్టున్న చెయ్యి పొట్టకు ఆనించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

అతను వెనక నడిచాడు. నాలుగు మెట్లు ఎక్కాక ఆగాడు, చెప్పుల చప్పుడూ ఆగింది.

ఆమె తిరిగి చూడలేదు.

"ఆగావేం?" అంది. "రా, వినపడుతోంది."